పడుగు కొరికే ఎలుక – చాల్ అంతా కలిసి చేయవలసిన పని



మా సంఘం కార్యాలయానికి వచ్చే మొరలలో నూలు ధర, కూలి రేటు, రావలసిన బాకీ – ఈ మూడింటి తరువాత ఎక్కువగా వినబడే మాట ఎలుకల బెడద. ఊళ్ళో గుంట మగ్గం ఉన్న ఇంటి నుంచీ వినబడుతున్నది. ముంబాయి కామాటిపుర చాళ్ళలో పదడుగుల ఖోలీలో కాపురముండే ఇంటి నుంచీ వినబడుతున్నది. ఇది ఆడవారు చూసుకొనే ఇంటి విషయమని మగవారు తోసివేయుట కద్దు. అది సరి కాదని మా అభిప్రాయం. ఎలుక తినేది గుప్పెడు బియ్యం కాదు, మన కష్టాన్ని తింటున్నది. లెక్క వేసి చూపుతాము.

అంగుళానికి 72 పోగుల చొప్పున 48 అంగుళాల వెడల్పు గల చీర పడుగులో 3456 పోగులుండును. ఒక రాత్రి ఎలుక మగ్గమెక్కి అందులో 200 పోగులు కొరికినదనుకొందాము. పోగు వెదికి, కొస తీసి, ముడి వేయడానికి రెండు నిమిషాల చొప్పున వేసుకొన్నా 400 నిమిషాలు, అనగా ఆరు గంటల నలభై నిమిషాలు. ఒక దినం పని పోయినట్లే. ఆ దినం కూలి ఎవరూ ఇవ్వరు. ముడులున్న చోట బట్ట నునుపు తగ్గును. కొనేవాడు వేలితో తడిమి ధర తగ్గించును. నేసిన చీరె అయితే నష్టం ఇంకా ఎక్కువ. మడత పెట్టిన చీరెను ఎలుక ఒక్క చోట కొరికితే విప్పినప్పుడు ప్రతి మడతలోనూ రంధ్రం కనబడును. అట్టి చీరెను రఫూ చేయించినా మంచి ధరకు పోదు.

కాబట్టి ఎలుకను ఎట్లు రానీయకుండ ఉంచవలెనో, వచ్చినప్పుడు ఏమి చేయవలెనో, ఏమి చేయకూడదో ఈ వ్యాసంలో వివరంగా చెప్పదలచినాము. అన్నిటికంటె ముఖ్యమైన మాట ముందే చెప్పుచున్నాము. చాల్‌లో ఎలుక ఒక ఇంటిది కాదు. ఒక్క ఇల్లు ఎంత పాటుపడినా పక్క ఇల్లు కదలకపోతే పని వృథా.

ఏ ఎలుక ఎక్కడిది

అన్నిటినీ ఎలుక అనే పిలిచినా మన ఇళ్ళను బాధించేవి నాలుగు రకాలు. ఏది వచ్చినదో తెలిస్తే ఎక్కడ కాపు వేయవలెనో తెలియును.

మొదటిది ఇంటి ఎలుక. దీని తోక ఒంటికంటె పొడవు. గోడలు, గొట్టాలు, తీగలు పట్టుకొని ఎక్కగలదు. అటకల మీద, పైకప్పు దూలాల సందున ఉండును. రెండవది గటారు ఎలుక. ఒళ్ళు బరువు, తోక కురుచ. ఇది మురికి కాలువలలో, నేల బొరియలలో ఉండి మోరీ గుండా పైకి వచ్చును. మూడవది పందికొక్కు. నేలను తవ్వి బొరియ నోట మట్టి కుప్ప పోయును. కోపం వచ్చినప్పుడు పంది వలె గురగురలాడును. ఇంగ్లీషువారు దీనికి పేరు దొరకక మన తెలుగు మాటనే పట్టుకొని బాండికూట్ అన్నారు. నాలుగవది చిట్టెలుక. చూడటానికి చిన్నదే గాని నేతవారికి ఇది పెద్ద శత్రువు. పావు అంగుళం సందు ఉంటే చాలు, దూరిపోవును. నూలు చిలుపల నడుమ, పాత చీరెల మూటలో గూడు కట్టి పిల్లలను పెట్టును.

వీటి పళ్ళు బ్రతికినంత కాలం పెరుగుతూనే ఉండును. అవి అరిగిపోవుటకు దేనినో ఒక దానిని కొరకక తప్పదు. కర్ర, సబ్బు, ప్లాస్టిక్ డబ్బా, కరెంటు తీగ – ఏదైనా సరే. తీగ పై తొడుగు పోయి నిప్పురవ్వ పుడితే నూలున్న ఇంట ఏమగునో చెప్పనక్కరలేదు.

వీటి సంతానం సంగతి కూడా తెలియవలెను. ఆడ ఎలుక మూడు వారాలు మోసి ఒక్కో ఈతకు ఆరు మొదలు పది పిల్లలను పెట్టును. ఆ పిల్లలు రెండు మూడు నెలలకే ఈనుటకు వచ్చును. అందుచేత పది ఎలుకలను చంపినాము గదా అని ఊరకుంటే, తిండి, చోటు అట్లే ఉన్నంతకాలం కొద్ది నెలలలోనే మరల మొదటికి వచ్చును. ఎన్నిటిని చంపినామన్నది లెక్క కాదు, ఎన్నిటికి తిండి మిగిల్చినామన్నది లెక్క.

కామాటిపురలో ఎందుకింత బెడద

కామాటిపుర పేరులోనే మన వారున్నారు. బొంబాయి అప్పుడు ఏడు దీవుల ఊరు. పద్దెనిమిదవ శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డ్ అనే అడ్డుకట్ట కట్టిన తరువాత సముద్రపు నీరు నిలిచే పల్లపు నేలలు ఎండినవి. ఆ నేలలో 1795 ప్రాంతం నుంచి నైజాం రాజ్యపు తెలుగు కామాటీలు గుడిసెలు వేసుకొన్నారు. మేడలు, రోడ్లు కట్టే కూలిపనికి వచ్చినవారు వారు. తరువాత నేతపని తెలిసిన మన వారు మిల్లులను నమ్ముకొని వచ్చి ఇక్కడా, వర్లీ, లోయర్ పరేల్ వంటి మిల్లు పేటలలోనూ నిలిచినారు. 1982 జనవరి 18న మొదలైన పెద్ద సమ్మె తరువాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడినవి. నేడు చాళ్ళలోని మన కుటుంబాలు కుట్టుపని, చీరెల వ్యాపారం, ఊరి నుంచి తెచ్చిన బట్ట ఇంటింటా అమ్మకం వంటి వాటితో బ్రతుకుతున్నవి. కాబట్టి మగ్గం లేకపోయినా ప్రతి ఇంట బట్ట మూట ఉన్నది. మూట ఉన్నచోట ఎలుక భయమూ ఉన్నది.

పల్లపు నేల, పాత కట్టడం, కిక్కిరిసిన కాపురం – ఈ మూడూ కలిసిన చోట ఎలుకకు కొదువ ఏమున్నది? చాల్ కట్టిన తీరు కూడా దానికి అనుకూలమే. రెండు చాళ్ళ వెనుకల నడుమ మనిషి ఒక్కడు పక్కకు తిరిగి నడిచేటంత సందు ఉండును. దానిని హౌస్ గల్లీ అందురు. పాయిఖానాలు, కాలువలు శుభ్రం చేసే పనివారు నడచుటకై పూర్వం విడిచిన దారి అది. నేడు కిటికీలోనుంచి విసిరిన అన్నం, కూరతొక్కు, చేపముల్లు అన్నీ చేరేది ఆ గల్లీకే. పగలు చూస్తే అది చెత్త. రాత్రి చూస్తే ఎలుకల అన్నసత్రం. అక్కడ కడుపు నిండిన ఎలుక పగిలిన గొట్టం పట్టుకొని పైకెక్కి మోరీ రంధ్రంలోనుంచి ఖోలీలోనికి, ఖోలీ నుంచి మాళా అని పిలిచే అటక మీదికి చేరును. ఆ మాళాలోనే మన చీరెల మూటలుండును.

ఈ పేట అంతా కూల్చి కొత్తగా కట్టే మాట నడుస్తున్నది. మంచిదే. కాని కొత్త మేడ వచ్చేదాకా ఎలుక ఆగదు. కొత్త మేడలోనూ కిటికీ నుంచి చెత్త విసిరే అలవాటు వెంట తీసుకొనిపోతే ఎలుక కూడా వెంటనే వచ్చును.

మన పెద్దలు చూచిన మహమ్మారి

ఇది బట్టల నష్టంతో పోయేది కాదని చెప్పుటకు బొంబాయి చరిత్రే సాక్ష్యం.

1896 సెప్టెంబరులో రేవుల దగ్గరి మాండ్వీ పేటలో డాక్టర్ అకాసియో వియెగస్ ఒక రోగిని పరీక్షించి అది ప్లేగు అని గుర్తించినారు. మాండ్వీ ధాన్యపు గిడ్డంగుల పేట. మనుషులకు జ్వరాలు సోకకముందే అక్కడ ఎలుకలు కుప్పలుగా చచ్చినవి. కాని ఎలుకకూ రోగానికీ గల సంబంధం నాటివారికి సరిగా తెలియదు. ప్లేగు క్రిమిని యెర్సిన్ అనే వైద్యుడు 1894లోనే హాంకాంగ్‌లో కనిపెట్టినాడు. అయినా అది మనిషికి చేరే దారి తేలలేదు. అధికారులు ఇళ్ళలో సోదాలు చేసినారు, సామాను తగులబెట్టినారు, రోగులను బలవంతంగా తరలించినారు. జనం భయపడి రోగులను దాచినారు. 1896 అక్టోబరులో మిల్లు కూలీలు ఆర్థర్ రోడ్డు ఆస్పత్రి మీద దాడి చేసినారు. నగరంలో దాదాపు సగంమంది ఊళ్ళకు పారిపోయినారు. 1891లో 8 లక్షల 21 వేలు ఉన్న బొంబాయి జనాభా 1901 లెక్కలకు 7 లక్షల 76 వేలకు దిగినది.

1898లో సీమండ్ అనే ఫ్రెంచి వైద్యుడు కరాచీలో అసలు గుట్టు బయటపెట్టినాడు. ఎలుక ఒంటిమీది మిన్నల్లులే ప్లేగును మనిషికి అంటించుచున్నవని ఆయన చూపినాడు. ఎలుక చచ్చి చల్లబడగానే మిన్నల్లు దానిని విడిచి మరొక వేడి ఒంటిని వెదకును. 1905 మొదలు బొంబాయి పరేల్‌లోని ప్రయోగశాలలో జరిగిన పరిశోధనలు ఈ మాటను స్థిరపరచినవి. హాఫ్కిన్ ప్లేగు టీకా తయారైనది కూడా బొంబాయిలోనే, 1897లో. ఆ పరేల్ ప్రయోగశాలే నేటి హాఫ్కిన్ సంస్థ. ప్లేగు కారణంగానే 1898లో బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడి, మన పక్కనున్న నాగ్‌పాడాను తన మొదటి పథకంగా చేపట్టినది.

ఇది పాత కథ అనవద్దు. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు మరల తల ఎత్తినది. మరమగ్గాల ఊరు అది. మన తెలుగు నేతవారు వేలకొలది పని చేసే ఊరు. వరద నీరు, చెత్త, చచ్చిన జంతువులు పేరుకొన్న తరువాత వచ్చిన ఆ రోగానికి భయపడి లక్షలమంది రైళ్ళెక్కినారు. మగ్గాలు ఆగినవి. తరువాత 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావుగారు ఆ ఊరిని విషం చల్లి కాక చెత్త ఎత్తించి బాగుచేసినారు. రోజూ చెత్త తీయించుట, కాలువలు బాగుచేయించుట, అధికారులను వీధులలో తిప్పుట – ఇదే ఆయన పద్ధతి. రెండేళ్ళు తిరగకముందే సూరత్ దేశంలోని శుభ్రమైన నగరాల వరుసలో నిలిచినది. ఒక నగరం చేయగలిగిన పనిని ఒక చాల్ చేయలేదా?

నేడు ముంబాయిలో ఎక్కువగా భయపడవలసినది ఎలుక మూత్రం ద్వారా వచ్చే లెప్టో జ్వరానికి. 2005 జులై 26న శాంతాక్రుజ్‌లో ఒక్క దినంలో 944 మిల్లీమీటర్ల వాన కురిసినది. ఆ వరద తగ్గిన తరువాత ఈ జ్వరం చాలామందిని పట్టినది. ఎలుక మూత్రం కలిసిన వాననీటిలో నడచినప్పుడు కాలి పగుళ్ళ గుండా, గాయాల గుండా క్రిమి ఒంటిలోనికి పోవును. మన కామాటిపుర పల్లం అని మరువరాదు.

గంజి వాసన

నేత ఇంటికి ఎలుక ప్రత్యేకంగా వచ్చుటకు కారణం ఉన్నది. పడుగుకు పెట్టే గంజి బియ్యం గంజి గాని, జొన్న గంజి గాని అయినప్పుడు అది ఎలుకకు అన్నమే. దానిలో కలిపే నూనె వాసన కూడా దానిని పిలుచును. పోగు మెత్తగా ఉండును గనుక గూటికీ పనికివచ్చును. తిండి, పరుపు ఒక్క చోట దొరికినట్లు.

మగ్గమున్న ఇళ్ళవారు ఈ జాగ్రత్తలు తీసుకొనవలెను. గంజి కుండ, గంజి కుంచె రాత్రికి కడిగి పెట్టవలెను. మగ్గం గుంట అంచున కూర్చొని అన్నం తినరాదు. మెతుకు గుంటలో పడితే తీసేవారుండరు. పని ముగిసిన తరువాత గుంట ఊడ్చి, కండెలు, నాడెలు రేకు డబ్బాలో వేసి మూత పెట్టవలెను. గంజి పెట్టిన పడుగును తడి ఆరకముందే చుట్టి మూల పెట్టరాదు; బూజు, ఎలుక రెండూ పట్టును. నెలల తరబడి నేయకుండ మగ్గం మీద పడుగు వదలరాదు. కదలిక లేని మగ్గమే చిట్టెలుకకు ఇష్టం.

నూలు, చీరెలు దాచే చోటు విషయం. గోనె సంచి, అట్టపెట్టె, పలుచని ప్లాస్టిక్ డబ్బా ఎలుకకు అడ్డు కావు. రేకు పెట్టె గాని, గట్టి మూత గల ఇనుప డ్రమ్ము గాని కావలెను. పెట్టెను నేలమీద కాక ఇటుకల మీద ఎత్తుగా, గోడకు జానెడు ఎడంగా ఉంచవలెను. గోడకు ఆనించితే ఆ సందు ఎలుకకు వీధి అగును. వారానికొకసారి పెట్టెను కదిపి వెనుక చూడవలెను. ఖోలీ ఇరుకైనప్పుడు మూటను దూలానికి తీగతో వేలాడదీసి, తీగ నడుమ పళ్ళెమంత గుండ్రని రేకు గుచ్చితే పైనుంచి ఎలుక దిగలేదు. వేపాకు, నాఫ్తలీను ఉండలు పురుగులకు పనికివచ్చును గాని ఎలుకను ఆపవు. చప్పుడుతో ఎలుకలను తరిమే యంత్రాలని అమ్మే వాటికి డబ్బు పోయవద్దు. నాలుగు రోజులకు ఎలుక ఆ చప్పుడుకు అలవాటు పడును.

తిండి, చోటు, దారి

ఎలుకను రానీయకుండ ఉంచే సూత్రం మూడు మాటలలో ఉన్నది. తిండి లేకుండ చేయుట, చోటు లేకుండ చేయుట, దారి లేకుండ చేయుట.

తిండి సంగతి. పెద్ద ఎలుక దినానికి పాతిక గ్రాముల తిండితో బ్రతుకును. పళ్ళెంలో మిగిలిన అన్నం దానికి చాలును. రాత్రి అంట్లు మోరీలో వదలరాదు. బియ్యం, పప్పు మూత గల డబ్బాలలో ఉంచవలెను. చెత్త డబ్బాకు మూత ఉండవలెను. తెల్లవారి మునిసిపల్ బండికి వేయవలెను. దేవుని దీపం ప్రమిదలో నూనె, వత్తి కూడా ఎలుక ఎత్తుకొనిపోవును. పడుకొనే ముందు తీసివేయవలెను. మండుతున్న వత్తిని ఎలుక లాగితే ఇల్లే అంటుకొనును.

చోటు సంగతి. మాళా మీద ఏళ్ళ తరబడి కదపని పాత పరుపులు, విరిగిన కుర్చీలు, పేపర్ల కట్టలు తీసివేయవలెను. "ఎప్పుడో పనికివచ్చును" అని దాచినది ఇప్పుడు ఎలుకకు పనికివస్తున్నది.

దారి సంగతి. బొటనవేలు పట్టే రంధ్రం ఉంటే ఎలుక దూరును. పెన్సిలు పట్టే రంధ్రం ఉంటే చిట్టెలుక దూరును. గోడలోని రంధ్రాలకు గుడ్డ కుక్కితే లాభం లేదు. ఇనుప పీచు గట్టిగా దూర్చి పైన సిమెంటు వేయవలెను. మోరీ రంధ్రానికి పావు అంగుళం కంటె సన్నని కన్నులున్న ఇనుప జాలీ బిగించవలెను. తలుపు అడుగున సందు ఉంటే రేకు పట్టీ కొట్టించవలెను. రంధ్రం మూసే ముందు లోపల ఎలుక లేదని చూసుకొనవలెను. కాగితం ఉండ పెట్టి రెండు రాత్రులు చూస్తే సరి; అది కదలకుంటే దారి వాడుకలో లేదని అర్థం.

బోను పెట్టే విధం

ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం. బోను పెట్టిన మొదటి రాత్రే పడలేదని తీసివేయుట పొరపాటు. మూడు నాలుగు రాత్రులు బోనును తెరిచి ఉంచి, తలుపు పడకుండ కట్టి, ఎర మాత్రం పెట్టవలెను. కాల్చిన కొబ్బరి ముక్క, ఎండుచేప, పకోడీ మంచి ఎరలు. ఎలుక నమ్మి తినిపోవుట మొదలుపెట్టిన తరువాత అన్ని బోనులనూ ఒక్క రాత్రే బిగించవలెను. ఎలుక గది నడుమ నడవదు, గోడ వెంట నడచును. కాబట్టి బోనును గోడ వెంబడి, ఎలుక మడ్డి మరకలున్న చోట పెట్టవలెను. పట్టుబడిన ఎలుకను పక్క గల్లీలో వదలి రాకూడదు. అది పక్కవాని మీదికి తోలుట. రెండు రోజులలో తిరిగి మన ఇంటికే వచ్చును. మునిసిపల్ ఎలుకల నివారణ సిబ్బందికి అప్పగించుట మేలు.

పిల్లి ఉంటే చాలునని కొందరి నమ్మకం. చిట్టెలుకలకు పిల్లి సరిపోవును. ఎదిగిన పందికొక్కు ఎదుట పిల్లి వెనుకంజ వేయును. పైగా గల్లీలో తిండి సమృద్ధిగా ఉన్నప్పుడు పిల్లీ ఎలుకా ఒకే కుప్ప దగ్గర తినుట మనం చూచినదే.

వినాయకుని వాహనాన్ని చంపుట పాపమని వెనుకాడే ఇళ్ళు కూడా ఉన్నవి. వారి మనసు నొప్పించుట మా ఉద్దేశం కాదు. మేము ముందుగా చెప్పిన మూడు పనులలోనూ చంపుట లేదు. చవితినాడు మట్టి మూషికానికి పూజ చేయవచ్చును. మిగిలిన దినాలలో మోరీకి జాలీ వేయవచ్చును. రెండింటికీ విరోధం లేదు.

విషం విషయంలో హెచ్చరిక

ఎలుకల మీద కోపంతో ఇల్లు తగులబెట్టుకొన్నట్లు కాకూడదు. పదడుగుల ఖోలీలో పసిపిల్లలు నేలమీద ప్రాకుచుండగా ఎలుకల మందు పెట్టుట అట్టిదే.

బజారులో దొరికే జింకు ఫాస్ఫైడు నల్లని పొడి. కడుపులో పడగానే విషవాయువు పుట్టించును. దీనికి విరుగుడు మందు లేదు. పచ్చ భాస్వరం కలిసిన పేస్టు ఇంకా మోసకారి. తిన్న మనిషి ఒకటి రెండు దినాలు బాగానే ఉన్నట్లు కనబడి, తరువాత కాలేయం పాడై ప్రాణం మీదికి వచ్చును. ఈ రెండింటినీ ఇంట ఉంచనే కూడదని మా గట్టి మాట. పిల్లల ప్రమాదం ఒక్కటే కాదు. అప్పుల బాధలో, ఇంటి తగవులో, క్షణికమైన దుఃఖంలో ఉన్న మనిషి చేతికందే చోట అది ఉండకూడదు. మన నేత కుటుంబాలు ఈ విషయంలో ఇదివరకే పడిన దుఃఖం చాలును.

బ్రోమడియోలోన్ బిళ్ళలు నెత్తురు గడ్డకట్టకుండ చేసి మూడు నాలుగు దినాల తరువాత ఎలుకను చంపును. దీనికి విటమిన్ కె విరుగుడుగా ఉన్నది. అయినా ఇదీ విషమే. మూత గల పెట్టెలో పెట్టి, పిల్లలకు అందని చోట, తెలిసినవారి చేత పెట్టించవలెను. ఏ మందునైనా పిండిముద్దలో, బెల్లంలో కలిపి పళ్ళెంలో పెట్టరాదు. పిల్లవాడు మిఠాయి అనుకొనును. మందు తిన్న ఎలుక గోడ సందులో చచ్చి కంపు కొట్టుట మరొక బాధ.

ఎవరైనా పొరపాటున మందు మింగితే ఉప్పునీళ్ళు తాగించుట, వేలు పెట్టి కక్కించుట చేయవద్దు. ఏమీ కనబడలేదని ఆగవద్దు. మందు పొట్లం చేత పట్టుకొని ఆ క్షణమే ఆస్పత్రికి పోవలెను. కామాటిపురవారికి నాయర్ ఆస్పత్రి, జె. జె. ఆస్పత్రి దగ్గరలోనే ఉన్నవి.

కాటు, జ్వరం, చచ్చిన ఎలుక

నిద్రలో ఎలుక పిల్లల వేళ్ళు కొరుకుట చాళ్ళలో కొత్త కాదు. పాలు, నూనె అంటిన చేతులు కడిగి పడుకోబెట్టవలెను. కొరికితే సబ్బుతో, ధారగా పోసే నీటితో పదిహేను నిమిషాలు కడిగి వైద్యునికి చూపవలెను. ధనుర్వాతం సూది అవసరమా అన్నది వారు చెప్పుదురు. పసుపు, సున్నం పూసి ఊరకుండరాదు.

వానాకాలంలో మురికి నీటిలో నడచినవారు ఇంటికి రాగానే కాళ్ళు సబ్బుతో కడగవలెను. కాలికి పుండు ఉన్నవారు మూడు దినాలు దాటకముందే మునిసిపల్ దవాఖానాకు పోయి ముందుజాగ్రత్త మాత్ర అడగవలెను. జ్వరంతోపాటు పిక్కలలో తీవ్రమైన నొప్పి, కళ్ళ ఎరుపు, మూత్రం తగ్గుట, పచ్చదనం కనబడితే అది మామూలు జ్వరం కాదనుకొని వైద్యునికి "వాననీటిలో నడచినాము" అని తప్పక చెప్పవలెను. ఆనాటి ఆర్థర్ రోడ్డు ఆస్పత్రి నేడు కస్తూర్బా ఆస్పత్రి అను పేర అంటురోగాలకే ఉన్నది.

చచ్చిన ఎలుకను వట్టి చేత్తో తాకరాదు. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కొని, బ్లీచింగ్ పౌడరు కలిపిన నీరు చల్లి, సంచిలో కట్టి చెత్త బండికి ఇవ్వవలెను. ఎలుక పెంటికలను పొడిగా ఊడ్చరాదు. ధూళి ముక్కులోనికి పోవును. ముందు తడిపి, తరువాత తుడవవలెను. ఇంకొక ముఖ్యమైన మాట. ఎవరూ మందు పెట్టకుండ చాల్‌లో ఎలుకలు వరుసగా చచ్చి పడుచున్నచో వెంటనే వార్డు ఆఫీసుకు తెలుపవలెను. 1896లో మాండ్వీలో ఎలుకలు ఇచ్చిన ఆ హెచ్చరికను వినేవారు లేకపోయిరి. మనం వినవలెను.

చాల్ పని

ముంబాయి మునిసిపాలిటీకి రాత్రిపూట టార్చిలైటు, కర్ర పట్టుకొని గల్లీలలో ఎలుకలను చంపే సిబ్బంది చాలాకాలంగా ఉన్నారు. రాత్రికి ముప్పై ఎలుకలు చంపి లెక్క ఒప్పగించవలెనని వారికి నియమం. మనం నిద్రించు వేళ మురికిలో తిరిగే ఆ పనివారిని గౌరవించవలెను. కాని వారు ముప్పై చంపిన గల్లీలోనే తెల్లవారి మనం అన్నం విసిరితే వారి శ్రమ ఏమి కావలెను?

కాబట్టి ప్రతి చాల్ ఈ విధంగా ఒక వారం పని పెట్టుకొనవలెనని మా సూచన. ఆదివారం సాయంకాలం ఇంటికొక్కరు గ్యాలరీలో కూడి, అంతస్తుకు ఇద్దరిని, అందులో ఒక స్త్రీని, బాధ్యులుగా ఎన్నుకొనవలెను. సోమవారం గటారు, హౌస్ గల్లీ, చెత్త గురించి బైకళా ఈ వార్డు ఆఫీసులో వ్రాతమూలకంగా అర్జీ ఇచ్చి నంబరు తీసుకొనవలెను. 1916 నంబరుకు టెలిఫోను చేయుట కూడా మంచిది. మంగళ, బుధవారాలలో ప్రతి ఇంటా మాళా దింపి సామాను చూడవలెను. గురువారం తాపీ పనివానిని ఒక్కసారిగా పిలిచి అన్ని ఇళ్ళ రంధ్రాలు మూయించవలెను. కలిసి చేయించితే ఖర్చు తగ్గును. అదే దినం మోరీలకు జాలీలు బిగించవలెను. బోనులను సోమవారం నుంచే తెరిచి ఎర పెట్టి, శుక్రవారం రాత్రి అన్ని ఇళ్ళలోనూ ఒక్కసారే బిగించవలెను. శనివారం గల్లీ శుభ్రమైనదో లేదో బాధ్యులు స్వయంగా చూచి, కానిచో అర్జీ నంబరుతో మరల వార్డుకు పోవలెను. తరువాత నెలకొకసారి తనిఖీ.

గల్లీలో చెత్త విసిరే ఇంటితో ఎట్లు మాట్లాడవలెనన్నది కష్టమైన ప్రశ్న. జగడం పెట్టుకొంటే రాత్రిపూట విసురుదురు. ముసలివారు ఒంటరిగా ఉండి మెట్లు దిగలేక విసురుట కొన్ని ఇళ్ళలో జరుగుచున్నది. అట్టివారి డబ్బాను పక్కింటి కుర్రవాడు తీసుకొనిపోయే ఏర్పాటు చేస్తే మందలింపు అవసరమే రాదు. 1896లో బలవంతం చేసిన చోట జనం రోగులను దాచినారు. మనం చెప్పి, తోడుండి చేయించవలెను.

ఊళ్ళలో మగ్గాలున్న వారికీ ఈ మాటే. సంఘం నూలు గిడ్డంగి, రంగుల షెడ్డు, పక్కింటి ధాన్యపు కొట్టు ఒక్క వరుసలో ఉన్నప్పుడు ఒక్కరు మూస్తే చాలదు. దసరాకు ముందే, సరుకు ఎక్కువగా నిలువ చేసే కాలానికి ముందే, ఈ పని ముగించవలెను.

పడుగులో ఒక్క పోగు బలంగా ఉంటే బట్ట నిలవదు. 3456 పోగులూ సమానంగా బిగిసి ఉంటేనే మగ్గం నడచును. చాల్ కూడ అంతే. ఈ సంచిక చదివినవారు చదువరాని పక్కింటివారికి వినిపించవలెనని, తమ చాల్‌లో జరిగిన పనిని సంఘానికి వ్రాసి తెలుపవలెనని కోరుచున్నాము.